ఆర్‌పీఎం మీటర్ తప్పు చూపిస్తోందా? గవర్నర్ స్క్రూ జోలికి అప్పుడే వెళ్లకండి

మా చిన్న పెట్రోల్ జనరేటర్‌కి ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్ని రౌండ్లు తిరుగుతుందో) చూపించే మీటర్ బిగించిన మొదటి రోజు 6200 చూపించింది. వామ్మో ఇంజన్ పగిలిపోతుందేమోనని, ఇంజన్ స్పీడు సర్దే గవర్నర్ స్క్రూ వదులు చేస్తూ పోయాను, మీటర్ 4000కి దిగేసరికి బల్బులు మసకబారాయి, ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగింది. ఇంజన్ మొదటి నుంచీ బాగానే ఉంది. తప్పంతా మీటర్ సెట్టింగ్‌లో, ఆ తర్వాత నా తొందరలో.

ఇదంతా ప్లగ్ వైరు మీద చుట్టే రకం మీటర్ల సంగతి.

సరిగ్గా రెట్టింపు, లేదా సగం చూపిస్తోంది

ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు రౌండ్లకు ఒక స్పార్క్ అనుకుని చాలామంది మీటర్‌లో 1పీ2ఆర్ సెట్టింగ్ (పీ అంటే పల్స్, ఇక్కడ స్పార్క్; ఆర్ అంటే రెవల్యూషన్, రౌండు) పెడతారు, నేనూ అదే చేశాను. కానీ ఈ చిన్న సింగిల్ సిలిండర్ ఇంజన్లలో దాదాపు అన్నిటికీ అయస్కాంతం ఫ్లైవీల్ మీదే ఉంటుంది, అది కాయిల్ పక్క నుంచి వెళ్లిన ప్రతిసారీ స్పార్క్ వస్తుంది, అంటే పొగ బయటికి పోయే స్ట్రోక్‌లో కూడా ఒక స్పార్క్ ఊరికే పడుతుంది. అందుకని 1పీ1ఆర్ పెట్టాలి. టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కీ అదే. సగం చూపిస్తుంటే 2పీ1ఆర్‌లో ఉందేమో చూడండి.

నమ్మకం కుదరకపోతే జనరేటర్‌తోనే సరిచూసుకోవచ్చు. 3000 ఆర్‌పీఎం రకం మామూలు జనరేటర్‌లో 50 హెర్ట్జ్ రావాలంటే 50ని 60తో గుణించినంత, అంటే 3000 తిరగాలి. హెర్ట్జ్ చూపించే మల్టీమీటర్ సాకెట్‌లో పెట్టండి (230 వోల్టులు, చేతులు జాగ్రత్త). లోడు లేనప్పుడు 52 వస్తే మీటర్‌లో 3120 దగ్గర ఉండాలి. ఇన్వర్టర్ రకం జనరేటర్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాటిలో ఇంజన్ స్పీడు ఎంతున్నా 50 హెర్ట్జే వస్తుంది.

అంకెలు ఎగురుతున్నాయి

2800, 4500, మళ్లీ 3000. చుట్లు ఎక్కువైనా, వదులుగా ఉన్నా ఇంతే. నాలుగైదు చుట్లు బిగుతుగా వేసి రెండు వైపులా కేబుల్ టై కట్టండి, మిగిలిన వైరును ప్లగ్ వైరు పక్కనే పారించకుండా దూరంగా లాగండి, సైలెన్సర్‌కి తగలనివ్వకండి. అయినా ఆగకపోతే ప్లగ్ చూడండి. రెసిస్టర్ లేని ప్లగ్ వేస్తే స్పార్క్ గోల మీటర్‌లోకి కూడా వస్తుంది. ఎన్‌జీకే ప్లగ్ అయితే నంబర్‌లో ‘ఆర్’ అక్షరం ఉండాలి: బీపీఆర్6ఈఎస్‌లో ఉంది, బీపీ6ఈఎస్‌లో లేదు.

అసలేమీ రావట్లేదు

ఒకటి రెండు చుట్లే వేసి ఉంటారు, ఇంకో రెండు వేయండి. మీ మీటర్‌కి ఎర్త్ వైరు ఉంటే రంగు గీకి ఇనుము కనిపించే బోల్టు కింద బిగించండి. డీజిల్ ఇంజన్‌కి చుట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటే ఆపేయండి, దానికి ప్లగ్గే లేదు.

మీటర్ పెట్టాక ఇంజన్ స్టార్ట్ కావట్లేదు

బైక్ మీటర్‌లా స్టాప్ స్విచ్ వైరుకి కలిపారా? ఆ వైరు ఎర్త్ అయితేనే ఇంజన్ ఆగుతుంది, మీరు కలిపిన మీటర్ దాన్ని ఎర్త్ చేస్తోంటే ఎన్నిసార్లు తాడు లాగినా స్పార్క్ రాదు. విప్పేసి ప్లగ్ వైరు మీదే చుట్టండి.

డీజిల్‌కి లేజర్ మీటర్ కొంటే పుల్లీ మీద మెరిసే టేపు ఒకే ముక్క అంటించండి, రెండు అంటిస్తే రెట్టింపు చూపిస్తుంది. షెడ్డులో పాత చోక్ ట్యూబ్‌లైటు ఉంటే ఆర్పేయండి. అది సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఆ వెలుగును లెక్కపెట్టి కొన్ని మీటర్లు ఆగి ఉన్న పుల్లీకి కూడా 6000 చూపిస్తాయి.