మనవరాలితో కన్యాశుల్కం చదవడం

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు బీరువాలోంచి కన్యాశుల్కం తీసింది. పిల్ల తొమ్మిదో తరగతి. గంటకే పుస్తకం మూసేసి, "చిన్నపిల్లని ముసలాడికి అమ్ముతుంటే నవ్వడానికేముంది తాతయ్యా?" అంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను, ఏ పిల్లాడూ అలా అడగలేదు.

"ఆ రోజుల్లో అంతేనమ్మా" అన్నాను. మీరు మాత్రం అనకండి. ఆ మాటతో పిల్ల ఫోన్ తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు నాటకం పక్కనపెట్టి, ముందు 1897 నాటి తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక తీశాను. ఇప్పుడు మనం చదివేది 1909లో ఆయన దాదాపు తిరగరాసిన కూర్పు, కానీ ఆ పాత పీఠిక దొరికితే వదలొద్దు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి, లెక్కేస్తే 1034 తేలాయట. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవాళ్లు. ముగ్గురికి ఏడాది వయసు. అది విన్నాక పిల్ల తనే నాటకం మళ్లీ తెరిచింది.

తర్వాత పెన్సిల్. మనసుకి గుచ్చుకున్న మాట వచ్చినచోటల్లా ఆగి, అది ఎవరి నోట వచ్చింది, నవ్వు ఎవరి మీద పడింది అని అంచున రాయాలి. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టడానికి తండ్రి అగ్నిహోత్రావధాన్లు బేరం కుదుర్చుకుంటే నవ్వు ఆయన మీదే. తల్లి వెంకమ్మ నూతిలో దూకినప్పుడు నవ్వే లేదు. ఇలా నాలుగు పేజీలు చేస్తే పాత్ర బుద్ధి వేరు, రాసినవాడి బుద్ధి వేరు అని పిల్లలకి మనం చెప్పక్కర్లేదు.

అన్నిచోట్లా ఇంత తేలిగ్గా తెగదు. మా పుస్తకంలో ఎక్కువ ప్రశ్న గుర్తులు వేశ్య మధురవాణి దగ్గరే. నాటకం మొత్తానికి తెలివైన మనిషి ఆవిడ. అయినా చివరికి ఆవిడ మంచిదని, వేశ్యల్ని దూరం పెట్టే వకీలు సౌజన్యారావు పంతులు ఒప్పుకోవాలా? గురజాడ ఆయన్ని వెక్కిరిస్తున్నాడంటుంది మనవరాలు. సగమే అంటాను నేను. ఇంకా తేలలేదు, తేల్చుకోవాలనే తొందర కూడా లేదు.

పైకి చదివేటప్పుడు బూతుమాటలు మింగేయకండి. క్లాసులో నేను అదే చేసేవాణ్ణి. పిల్లలు ఇంటికెళ్లి సరిగ్గా ఆ పేజీలే వెతుక్కునేవారు. మరీ కష్టంగా ఉంటే ఆ రోజుకి ఆపేయండి, పరీక్షేం లేదు కదా.

ఒకరోజు నౌకరు అసిరి మాటకి నేను పకపకా నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. "మాటకి నవ్వావా తాతయ్యా, యాసకా?" అంది. మాది విజయనగరమే, ఆ యాస మా పెరట్లో మాట్లాడేదే. పెన్సిల్ తీసుకుని ఆ పేజీ అంచున నా పేరు రాశాను.