యాప్‌లో అంతా పచ్చగానే ఉంది, పొటాషియం మాత్రం 5.8

నాన్నకి కిడ్నీ జబ్బు మూడో దశ దాటాక ఫోన్‌లో ఒక డైట్ యాప్ పెట్టాను. తిన్న ప్రతిదీ ఎక్కించేవాణ్ణి. రోజూ పచ్చ గీతే చూపించేది. తీరా రక్త పరీక్షలో పొటాషియం 5.8 వచ్చింది. మామూలుగా 5 దాటకూడదు. ఇంకా పెరిగితే గుండె లయే దెబ్బతింటుంది కాబట్టి టెన్షన్ పట్టుకుంది.

డాక్టర్ మందులు చూసుకున్నారు, నేను యాప్ తవ్వాను. ప్యాకెట్ స్కాన్ చేసినప్పుడు లేబుల్ మీద పొటాషియం రాసి లేకపోతే, యాప్ దాన్ని సున్నాగా లెక్కేస్తోంది! తెలియకపోవడం, లేకపోవడం ఒకటే అనుకుందన్నమాట. రెండో తప్పు నాదే. సోడియం తగ్గించాలని యాప్ పోరుతుంటే సోడియం తక్కువ ఉప్పు తెచ్చాను. అందులో సోడియానికి బదులు కలిపేది పొటాషియం క్లోరైడే.

ఆ ఉప్పు ఆ రోజే పారేశాను. పొటాషియం విలువ ఉన్న ఎంట్రీలనే వాడుతున్నాను, లేనివాటికి దగ్గరి పదార్థం ఎంచుకుంటున్నాను. యాప్ సొంతంగా పెట్టిన పరిమితులు తీసేసి డైటీషియన్ చెప్పినవి పెట్టాను. డయాలసిస్ మొదలైతే ప్రోటీన్ పెంచాలట, అప్పుడు మళ్లీ మార్చాలి. పొటాషియం తగ్గేలా బంగాళదుంపల్ని సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తున్నాం. రుచి తగ్గిందని నాన్న సణుగుడు మామూలే.

తర్వాతి పరీక్షలో 4.9 వచ్చింది. మందుల వల్ల ఎంతో, ఉప్పు మానడం వల్ల ఎంతో విడదీసి చెప్పలేను.