ఎల్క్ వేటకు వెళ్లేముందు: గైడుకు, క్యాంపు సిబ్బందికి ఇచ్చే టిప్పు విషయంలో జాగ్రత్తలు

అమెరికాలోని కొలరాడో, వయోమింగ్ కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేట కాలం దగ్గరపడింది. మొదటిసారి గైడుతో వెళ్తున్న మన తెలుగువారి కోసం, పోయిన ఏడాది మా బృందంలో జరిగినదాన్ని చూశాక ఇది రాస్తున్నాను. నాలుగు రోజులు ఏమీ దొరకకపోయేసరికి మాలో ఒకరు, ఒక్కో కొమ్ముకు ఆరు శాఖలున్న మగ ఎల్క్‌ను చూపిస్తే 1,000 డాలర్లు అదనంగా ఇస్తానని గైడుకు మాట ఇచ్చారు. ఆ సాయంత్రం వెలుతురు పోతున్నా గైడు వెనుదిరగలేదు. రాళ్లు జారే వాలులో గుర్రం కాలు తప్పి, అతని భుజం ఎముక విరిగింది. అతనికి 22 ఏళ్లు.

అందుచేత, వేట ముగియకముందు టిప్పు మాట ఎత్తకండి. గైడుల సంపాదనలో టిప్పు పెద్ద భాగం కాబట్టి, ముందుగా చెప్పిన అంకె వారి విచక్షణను లాగేస్తుంది. అక్కడ సూర్యాస్తమయం తర్వాత అరగంట దాటితే ఎల్క్‌ను కాల్చడం నేరం. డబ్బు మాట వచ్చిందంటే ఆ అరగంట సాగుతుంది. అలా కొట్టిన జంతువు మాంసమో కొమ్ములో రాష్ట్రం దాటితే లేసీ చట్టం (అక్రమంగా వేటాడిన జంతువుల రవాణా, అమ్మకాలను నిషేధించే అమెరికా చట్టం) కింద ఫెడరల్ కేసు అవుతుంది. అక్రమ వేటకు డబ్బిచ్చి గైడు సేవ పొందడాన్ని కూడా ఆ చట్టం వన్యప్రాణిని కొన్నట్టే లెక్కిస్తుంది. వీసా మీద ఉన్నవారికి అటువంటి కేసు ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు.

గైడుకు యాత్ర ధరలో 10 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి వాడుక. వంటమనిషికి, గుర్రాలు చూసే అతనికి వేరుగా ఇవ్వాలి. తెల్లవారుజామున మూడింటికే లేచి, గడ్డకట్టిన బకెట్టులోని మంచు పగలగొట్టి కాఫీకి నీళ్లు పెట్టేది వంటమనిషి; మీరు కొట్టిన ఎల్క్ తొడలను కంచర గాడిదలకు కట్టి కొండ దింపేది గుర్రాల మనిషి. వీరిద్దరినీ మరిచిపోయేవారే ఎక్కువ.

నగదు ఊళ్లోనే తీసుకోండి, కొండ మీద ఏటీఎం ఉండదు. పేర్లు రాసిన కవర్లు విడివిడిగా పెట్టుకోండి. యాత్ర నడిపే యజమానికి కట్టిన రుసుములో టిప్పు కలిసి ఉందనుకోకండి, అడిగి తెలుసుకోండి. జంతువు దొరకలేదని తగ్గించకండి. దొరికినా దొరకకపోయినా గైడు నడిచిన దూరం ఒకటే. పాత బూట్లు, మాంసం ముక్క టిప్పు కావు. కొమ్ములకు రేటు కట్టకండి. చివరి రోజు సాయంత్రం, ఆశ వదులుకున్న గంటలో, అసలే కట్టకండి. గైడే అడిగినా, వేట ముగిసేదాకా అంకె చెప్పకండి. వంటమనిషి కవరు గైడు చేతికివ్వకండి. వంట డేరాకు వెళ్లి స్వయంగా ఇవ్వండి.