కొండల్లో, అడవుల్లో వాకీటాకీ వాడే పద్ధతి

చిన్న వాకీటాకీల పెట్టె మీద ముప్పయ్యో నలభయ్యో కిలోమీటర్లని అచ్చువేసి ఉంటే, అది ఒక శిఖరం మీది నుంచి మరో శిఖరం మీది మనిషితో మాట్లాడినప్పటి లెక్క అనుకోవాలి. ఈ రేడియోల తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరకే సాగుతాయి. చదును నేల మీద మీటరున్నర ఎత్తున రేడియో పట్టుకుంటే వాటికి దిగంతం సుమారు 5 కిలోమీటర్లలోనే వచ్చేస్తుంది. దట్టమైన చెట్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్లు అందినా బాగా అందినట్టే. అందువల్ల కొనేటప్పుడు ఆ అంకెల కంటే నీటికి తట్టుకునే గుణాన్ని, మామూలు పెన్సిల్ సెల్స్‌తోనూ పనిచేసే వీలును చూడడం మేలు.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. యూరప్‌లో లైసెన్సు అక్కర్లేని రేడియోలు 446 మెగాహెర్ట్జ్ వద్ద అర వాటు శక్తితో పనిచేస్తాయి. అమెరికాలో అందుకు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతాలను కేటాయించారు. ఒక దేశంలో కొన్న సెట్టును మరో దేశంలో వాడడం నేరం కావచ్చు.

బయలుదేరే ముందు అందరి సెట్లలోనూ ఒకే ఛానెల్, ఒకే కోడ్ పెట్టి, పక్కపక్కన నిలబడి కాక కొంత దూరం నడిచి పరీక్షించాలి. ఛానెల్ కలిసినా కోడ్ కలవకపోతే మాట వినబడదు. చాలాసార్లు సెట్టు పాడైందని అనుకునేది ఇందుకే. ఈ కోడ్‌ను ప్రైవసీ కోడ్ అని అమ్ముతారు గానీ అందులో గోప్యత ఏమీ లేదు. అది ఇతరుల మాటలు మన చెవిన పడకుండా ఆపుతుందే తప్ప, మన మాటలను ఎవరి నుంచీ దాచదు.

మాట్లాడే తీరులోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బటన్ నొక్కిన వెంటనే మాట మొదలుపెడితే తొలి పదం తెగిపోతుంది కనుక ఒక క్షణం ఆగి, మైకును నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, అరవకుండా మాట్లాడాలి. ముందు ఎదుటివారి పేరు, తరవాత మన పేరు: "ముందు జట్టూ, వెనక జట్టు మాట్లాడుతోంది. వాగు దాటాం, నాలుగున్నరకు చేరుకుంటాం. ఓవర్." విన్నవారు "నాలుగున్నర, సరే" అని ఆ సమయాన్ని తిరిగి చెప్పాలి. బటన్ నొక్కి ఉన్నంతసేపు మన సెట్టుకు ఏదీ వినబడదు కాబట్టి, ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఎవరి మాటా ఎవరికీ చేరదు.

మాట ముక్కలుగా వినిపిస్తే బ్యాటరీని అనుమానించే ముందు యాంటెన్నాను నిటారుగా, ఒంటికి దూరంగా పట్టుకుని రెండడుగులు పక్కకు జరగండి. తరంగం పొడవు ఇక్కడ ఇంచుమించు 65 సెంటీమీటర్లే కనుక ఆ కాస్త కదలికకే సిగ్నల్ తేరుకుంటుంది. లోయలో ఉన్నవారికి అందకపోతే గట్టు మీద ఒకరు నిలబడి అటు మాట ఇటు చేరవేయాలి. గొంతు వినగానే తనంతట తానే పనిచేసే వాక్స్ సదుపాయాన్ని గాలి వీచేచోట ఆపేయడమే మంచిది.

వినడానికి కంటే మాట్లాడడానికి బ్యాటరీ ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. పొడవైన యాత్రలో సెట్లను రోజంతా తెరిచి ఉంచే బదులు, ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు మాత్రమే అందరూ ఆన్ చేయాలని నియమం పెట్టుకోవచ్చు. చలి ప్రదేశాల్లో సెట్టును కోటు లోపల ఉంచుకోవాలి. వరసగా రెండు గంటలు జవాబు రాకపోతే ఎవరు ఎక్కడ ఆగాలో, ఎవరు వెనక్కి రావాలో బయలుదేరక ముందే కాగితం మీద రాసి ప్రతి జట్టుకూ ఇవ్వండి.