భయపడే పిల్లికి కొత్త కూనను అలవాటు చేయడం – మూడవ పాఠం: వాసన, మూసిన తలుపు

గత రెండు పాఠాలలో కొత్త కూనకు వేరే గది కేటాయించడం, రెండు పిల్లులకు మూడు లిట్టర్ ట్రేలు (అవి మలమూత్ర విసర్జన చేసే ట్రేలు) అమర్చడం, కూనను పశువైద్యుడికి చూపించడం నేర్చుకున్నాం. వైద్య పరీక్ష, టీకాలు ఇంకా కాకపోతే ఈ పాఠాన్ని కొన్నాళ్లు ఆపండి. ఇప్పుడు మనం గుడ్డలను ఒక గది నుంచి మరొక గదికి మార్చబోతున్నాం. పిల్లుల ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియా వైరస్ అటువంటి వస్తువుల ద్వారా కూడా వ్యాపిస్తుంది.

తలుపు అంచుకో, సోఫా మూలకో, మన కాళ్లకో పిల్లి బుగ్గ రాసినప్పుడల్లా, బుగ్గల్లోనూ గడ్డం కిందా ఉన్న గ్రంథుల స్రావం అక్కడ అంటుకుంటుంది. పిరికి పిల్లి ధైర్యం చాలావరకు ఆ గుర్తుల మీదే ఆధారపడి ఉంటుంది కనుక, ఈ రోజుల్లో దాని పడకను ఉతకడం, ఇల్లంతా కడగడం మానుకోండి. ఫినాయిల్ అసలే వద్దు. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరిచివేయలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా అది విషమే.

మెత్తని పాత నూలు గుడ్డతో కూన బుగ్గలను, గడ్డాన్ని నెమ్మదిగా తుడవండి. ఆ గుడ్డను పెద్ద పిల్లి తిరిగే చోట, దాని పడకకూ తిండి గిన్నెకూ దూరంగా పరచి, మీరు పక్కకు తప్పుకోండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించడం తగదు. దానంతట అది రావాలి. వచ్చి, వాసన చూసి, తల ఎత్తి, పై పెదవి కాస్త ముడిచి, నోరు సగం తెరిచి కొన్ని క్షణాలు అలాగే నిలబడితే కోపమనో అసహ్యమనో అనుకోకండి. అంగిట్లో ఉన్న మరొక ఘ్రాణేంద్రియానికి అది ఆ వాసనను చేరవేస్తున్నది. బుస కొట్టినా గద్దించకండి, గుడ్డను మరికాస్త దూరం జరపండి. ఇదే విధంగా పెద్ద పిల్లి వాసనను కూన గదికి చేర్చండి.

పెద్ద పిల్లి గుడ్డను పట్టించుకోకుండా దాని పక్కనుంచే నడిచి వెళ్తున్నప్పుడు తలుపు దగ్గర భోజనాలు మొదలుపెట్టవచ్చు. మూసిన తలుపుకు అవతల కూన గిన్నె, ఇవతల ఆరేడు అడుగుల దూరంలో పెద్ద పిల్లి గిన్నె పెట్టి, రెండింటికీ ఒకే వేళకు, వాటికి బాగా ఇష్టమైన తిండి వడ్డించండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసం ఇందుకు చక్కగా పనికివస్తుంది. ఇబ్బంది లేకుండా తింటే మరుసటి పూట గిన్నెను జానెడు ముందుకు జరపండి. గిన్నె ఖాళీ అయినంత మాత్రాన భయం పోయినట్టు కాదు. వెనక కాళ్లు దూరంగా ఉంచి, మెడ మాత్రం సాచి, చెవులు పక్కకు వాల్చి, తలుపు వంకే చూస్తూ గబగబా మింగుతున్నదంటే ఆ దూరం దానికి ఇంకా చాలదు. మళ్లీ వెనక్కు జరపండి. ఆకలైతే అదే వస్తుందని మాత్రం కడుపు మాడ్చకండి. తిండి మానేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది కనుక, ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడిని సంప్రదించాలి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే గంటలు కూడా ఆలస్యం చేయరాదు.

ఇంటికి వచ్చిన చుట్టాలు, పిల్లలు "పాపం, ఒక్కసారి చూపిద్దాం" అంటారు. ఆ మాటకు లొంగకండి. మంచం కింద దాక్కున్న పిల్లిని బయటికి లాగి కూన ముందు నిలబెడితే, ఆ ఒక్క క్షణంలో పుట్టిన బెదురు పోగొట్టడానికి వారాలు పట్టవచ్చు. కొన్ని పిల్లులు వారంలో తలుపు దాకా వస్తాయి, కొన్నింటికి నెలలు కావాలి. ఆ వేగాన్ని నిర్ణయించే హక్కు పెద్ద పిల్లిదే.

తలుపుకు ఆనించిన గిన్నెలో వరుసగా కొన్ని రోజులు నింపాదిగా తిని, అక్కడే కూర్చుని మూతి నాక్కుంటున్నప్పుడు నాలుగవ పాఠానికి రండి. అందులో తలుపును రెండు వేళ్ల సందు మేర తెరుస్తాం. కూన తోసుకుని బయటికి రాకుండా తలుపుకు లోపల, బయట కదలని అడ్డు ఈలోగా సిద్ధం చేసుకోండి.