క్యూబ్ రిజిస్టరు లెక్కలు తప్పుదారి పట్టిస్తే: సమస్య - పరిష్కారం

హనుమకొండ, కాజీపేటలలో లేస్తున్న అపార్ట్‌మెంట్లకైనా, కరీంనగర్, పెద్దపల్లి వైపు సాగే వంతెన పనులకైనా, కాంక్రీటు నాణ్యతకు చివరిదాకా నిలిచే సాక్ష్యం, పరీక్ష కోసం పోసిన కాంక్రీటు దిమ్మెల (క్యూబుల) ఫలితాలు రాసే క్యూబ్ రిజిస్టరే. 150 మిల్లీమీటర్ల క్యూబులను 28 రోజులకు యంత్రం మీద పగలగొట్టి, పగిలినప్పటి భారాన్ని 22,500 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యంతో భాగిస్తే వచ్చే బలం అంకెలు (మెగాపాస్కళ్లలో, అంటే చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో) అందులో ఉంటాయి. వాటి సగటును, ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) కంప్యూటరు క్షణంలో తేల్చి ఇస్తుంది. లెక్క సరిగ్గానే ఉన్నా నిర్ణయం తప్పయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి మూలం సూత్రంలో లేదని, అంకె ఎలా పుట్టిందో రిజిస్టరులో రాయకపోవడంలోనే ఉందని నా గట్టి అభిప్రాయం. కింది ఉదాహరణలన్నీ ఎం25కు, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కళ్ల బలం ఉండాల్సిన కాంక్రీటుకు సంబంధించినవి. అంకెలను వివరణ కోసం తీసుకున్నాను.

లక్షణం: పని జాగ్రత్తగానే సాగుతోంది, విచలనం మాత్రం తగ్గడం లేదు

సైటుకు సొంత లెక్కలు లేనప్పుడు ఎం25కు 4 మెగాపాస్కళ్ల విచలనాన్ని అనుకోవాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అందుకే మిక్స్ డిజైన్‌లో, అంటే పాళ్లు నిర్ణయించేటప్పుడు, సగటు బలం లక్ష్యాన్ని 25 + 1.65 × 4, అంటే 31.6గా పెట్టుకుంటారు. విచలనం తగ్గితే ఆ లక్ష్యమూ తగ్గుతుంది, సిమెంటూ మిగులుతుంది. కనుక అది ఎందుకు తగ్గడం లేదన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

తరచుగా కనిపించే కారణం, రెండు వేర్వేరు కాంక్రీటులను ఒకే జాబితాలో కలిపేయడం. కొన్నాళ్లు గోదావరి ఇసుక, కొన్నాళ్లు రోబో శాండ్ (రాయిని నలిపి చేసే ఇసుక) వాడిన సైటును తీసుకోండి. ఒకదానితో సగటు 29, మరొకదానితో 35, రెండింటిలోనూ విచలనం 2 మాత్రమే అనుకుందాం. సమాన సంఖ్యలో ఉన్న ఆ ఫలితాలను కలిపి లెక్కిస్తే సగటు 32, విచలనం 3.6 వస్తాయి. ఆ 3.6లో పెద్ద భాగం పనివారి అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, మనం కలపడం వల్ల వచ్చింది. సూపర్‌వైజరును మందలించినంత మాత్రాన అది తగ్గదు.

పరిష్కారం: లెక్కకు ముందు హిస్టోగ్రామ్ (ఏ అంకెలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే దిమ్మెల పటం) గీయండి. రెండు శిఖరాలు కనిపిస్తే వెంటనే విడదీయండి. ఒకటే కనిపించినా ఇసుక వచ్చిన చోటును బట్టి, సిమెంటు సంచి మీద ముద్రించిన వారం సంఖ్యను బట్టి, పోసిన షిఫ్టును బట్టి సగటులను వేరుగా చూడండి. ఆ వివరాలకు రిజిస్టరులో గడులు లేకపోతే విడదీయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ముందుగా చేయవలసింది గడులు చేర్చడమే.

లక్షణం: ముప్పై అంకెలు ఉన్నాయి, అయినా కొత్త ఫలితాలు అంచనాకు అందడం లేదు

ఒకే నమూనా నుంచి తీసిన మూడు క్యూబులను మూడు స్వతంత్ర ఫలితాలుగా లెక్కించడం దీనికి కారణం. ఆ మూడూ ఒకే కాంక్రీటు నుంచి, ఒకే చేతి మీదుగా వచ్చాయి. ఒకదానితో ఒకటి దగ్గరగా ఉండడం సహజం. నమూనాల మధ్య విచలనం 4, ఒక నమూనాలోని క్యూబుల మధ్య విచలనం 1 అనుకుంటే, పది నమూనాల సగటుకు అసలు ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) సుమారు 1.28. ముప్పై అంకెలనూ విడివిడిగా లెక్కించినవారికి అది దాదాపు 0.75గా కనిపిస్తుంది. లేని నమ్మకం అలా కాగితం మీదికి వస్తుంది.

పరిష్కారం ఐఎస్ 456లోనే ఉంది: మూడు క్యూబుల సగటే ఒక ఫలితం. విచలనాన్ని స్థిరపరచడానికి అది అడిగే 30 ఫలితాలంటే 90 క్యూబులని గుర్తుంచుకోవాలి.

లక్షణం: ఫలితాలన్నీ 25కు పైనే, ఒక్కటీ కింద లేదు

సగటు 28, విచలనం 3 దాకా ఉండి, హిస్టోగ్రామ్ పైవైపు 36 వరకు సాగుతూ కిందివైపు 25 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే సంతోషించకూడదు. లక్షణ బలం (గ్రేడుకు పెట్టిన బలం, ఇక్కడ 25) అంటేనే అంతకన్నా తక్కువ ఫలితాలు 5 శాతానికి మించకూడదని అర్థం. ఒక్కటీ ఉండకూడదని కాదు. సగటు 28, విచలనం 3 ఉన్న నార్మల్ విభాజనంలో (సగటుకు ఇరువైపులా సమానంగా వాలే గంట ఆకారంలో) దాదాపు 16 శాతం ఫలితాలు 25 కిందికి రావాలి. అవి లేవంటే, తక్కువ వచ్చిన క్యూబులను పక్కన పెట్టి మళ్లీ పరీక్షించి ఉండవచ్చు, లేదా లెక్కను చేతితో సరిచేసి ఉండవచ్చు. ఇది ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. ఆ స్లాబు కింద రేపు మనుషులు కాపురం ఉంటారు, దాచిన అంకెలు వాళ్లను కాపాడలేవు.

పరిష్కారం: బలాన్ని కాక, యంత్రం చూపిన భారాన్ని కిలోన్యూటన్లలో అప్పటికప్పుడు రాయించండి. 25 మెగాపాస్కళ్లకు సరిపోయే భారం 562.5 కిలోన్యూటన్లు. డయల్‌ను 10 కిలోన్యూటన్ల మెట్లలో చదివే యంత్రమైతే మెట్టుకు 0.44 మెగాపాస్కల్ వస్తుంది. రిజిస్టరులోని బలాలు ఆ మెట్ల మీద పడకపోతే అవి డయల్ నుంచి వచ్చినవి కావు. తక్కువ ఫలితాన్ని కొట్టివేయకుండా ఒకే గీతతో గుర్తించి, పక్కన కారణం రాసే అలవాటును సైటు మొదలైన రోజు నుంచే పెట్టాలి.

లక్షణం: అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి, కానీ వరుసగా కిందికి జారుతున్నాయి

ఫలితాలను వచ్చిన వరుసలో చుక్కలుగా పెట్టే కంట్రోల్ చార్ట్ ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. దాన్ని వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించాడు. మధ్యరేఖ 32, విచలనం 3 అయితే హద్దులు ఇరువైపులా మూడు విచలనాల దూరంలో, 23, 41 దగ్గర ఉంటాయి. ఒక్క చుక్కా హద్దు దాటకపోయినా, వరుసగా ఎనిమిది చుక్కలు మధ్యరేఖకు కిందే పడితే అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 256లో ఒకటి మాత్రమే.

మన వైపు ముందుగా అనుమానించవలసింది ఎండను. రామగుండం పరిసరాల్లో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. తొలి 24 గంటలు క్యూబులను తేమలో 27 డిగ్రీలకు రెండు డిగ్రీల తేడాలో ఉంచాలని కాంక్రీటు పరీక్షల ప్రమాణమైన ఐఎస్ 516 చెబుతుంది. తొలిరోజు ఎక్కువ వేడి తగిలిన కాంక్రీటుకు బలం త్వరగా వచ్చినా, 28 రోజులకు తగ్గుతుంది. పోసినప్పటి ఉష్ణోగ్రతను చార్ట్ కిందనే మరో గీతగా గీస్తే ఆ సంబంధం కనబడుతుంది. తడి గోనె సంచులు, నీడ, క్యూరింగ్ తొట్టికి పైకప్పు ఏర్పాటు చేశాక చుక్కలు పైకి లేస్తే కారణం దొరికినట్టే. లేవకపోతే స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) చూడండి. ఎండలో బిగుసుకున్న కాంక్రీటులో నీళ్లు కలిపి ఉంటారు.

లక్షణం: 7 రోజుల ఫలితంతో వేసిన 28 రోజుల అంచనా తప్పుతోంది

సిమెంటు మారి ఉంటుంది. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు తొలి వారంలో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, కనుక అది కలవని మామూలు సిమెంటు ఓపీసీతో, 7 రోజుల బలాన్ని 28 రోజుల బలంతో కలుపుతూ గీసిన రేఖ దానికి వర్తించదు. ఒక్కో సిమెంటుకు ఒక్కో రేఖ గీయండి. ఒకే క్యూబును అంచనా వేసేటప్పుడు సగటు ఉండగల హద్దులను చెప్పే విశ్వాస అంతరాన్ని కాక, ఒక్క ఫలితం పడగల హద్దులను చెప్పే, అంతకన్నా వెడల్పైన అంచనా అంతరాన్ని వాడండి.

లక్షణం: మూడింటిలో ఒకటి విడ్డూరంగా ఉంది

31, 30, 22 వచ్చాయనుకోండి. సగటు 27.7, 22 దానికన్నా 20 శాతం తక్కువ. ఒక్కో క్యూబు సగటుకు 15 శాతం లోపే ఉండాలి కనుక ఆ నమూనా మొత్తం చెల్లదు. 22ను తీసేసి మిగిలిన రెండింటి సగటు రాయడం నియమం కాదు. పగిలిన క్యూబును పారేయకముందే దాని ముఖాలు చదునుగా ఉన్నాయా, లోపల గుల్లలున్నాయా చూసి, కనిపించింది కనిపించినట్టు రిజిస్టరులో రాయండి.