పాత మండువా ఇంటిని కూల్చేలోపు త్రీడీలో దాచుకోవడం ఎలా?

గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో మండువా లోగిలి (నడిమధ్యన పైకప్పు లేని మండువా, చుట్టూ గదులు ఉండే పాతకాలపు ఇల్లు) కూల్చేస్తున్నారని తెలియగానే ఎవరో ఒకరు ఫోన్‌తో చుట్టూ వీడియో తీసి "డాక్యుమెంట్ చేసేశాం" అంటారు. ఆ వీడియో చూసి ఒక్క దూలం పొడవు కూడా చెప్పలేం. కొలతలకు పనికొచ్చేది ఫొటోగ్రామెట్రీ. ఒకే చోటుని పక్కపక్కకి జరుగుతూ వందల ఫొటోలు తీస్తే, వాటిలోంచి సాఫ్ట్‌వేర్ ఆకారాన్ని లెక్కగట్టి త్రీడీ మోడల్ ఇస్తుంది. నేను చూసినంతలో ఈ పని దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే చెడిపోతుంది, గుమ్మం దగ్గర. అందుకని మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

కావలసినవి: మాన్యువల్ సెట్టింగులున్న కెమెరా, ట్రైపాడ్, స్టీలు టేపు, మాస్కింగ్ టేపు, పాత న్యూస్‌పేపర్లు. జూమ్ ఒకచోట పెట్టి మళ్లీ ముట్టుకోవద్దు. ఫోనే ఉంటే బాగా వెడల్పుగా చూపించే 0.5 లెన్స్ వాడకండి. ఫ్లాష్ అసలే వద్దు. సాఫ్ట్‌వేర్ మెష్‌రూమ్ ఉచితం, మెటాషేప్‌కి డబ్బు కట్టాలి, మొదటిసారికి మెష్‌రూమ్ చాలు.

కొన్ని ఫోన్లలో లైడార్ (లేజర్ వెలుగుతో దూరం కొలిచే సెన్సర్) ఉంది కదా అంటారు. అది సుమారు 5 మీటర్ల వరకే చూస్తుంది, ద్వారబంధం మీద చెక్కిన చిలకల్ని నున్నటి ముద్దల్లా చేసేస్తుంది. పెద్ద లేజర్ స్కానర్ సంగతి వేరు. ఆండ్రూ టాలన్ అనే ఆయన 2010లో పారిస్ నోత్రదాం చర్చిని అలాగే కొలిచి పెట్టాడు. 2018లో ఆయన పోయాడు, 2019 ఏప్రిల్ 15న చర్చి తగలబడింది, తిరిగి కట్టేవాళ్లకి ఆ కొలతలు ఆసరా అయ్యాయి. మన ఊళ్లో ఇల్లు కూల్చడానికి వారం గడువున్నప్పుడు అలాంటి స్కానర్ ఎవరూ పట్టుకురారు, కెమెరానే దిక్కు.

ముందు ఇంటి ప్లాను చేత్తో గీసుకోండి. మండువా, చుట్టూ వసారా, గదులు, వంటిల్లు, ఉత్తరం ఎటో, అంతే. తర్వాత గోడకి ఎదురుగా నిలబడి ఒక ఫొటో, అడుగు పక్కకి జరిగి ఇంకోటి. పక్కపక్క ఫొటోల్లో 70 నుంచి 80 శాతం ఒకటే కనిపించాలి. ఒకేచోట నిలబడి కెమెరా తిప్పుతూ తీస్తే లోతు రాదు. సున్నం వేసిన తెల్లగోడ మీద సాఫ్ట్‌వేర్‌కి పట్టు దొరకదు కాబట్టి పేపరు కాగితాలు మాస్కింగ్ టేపుతో అక్కడక్కడా అంటించండి, సున్నం పెచ్చులూడకుండా మెల్లిగా. ఒకే పేజీ రెండుచోట్ల పెట్టొద్దు. మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలన్నీ ఒకేలా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ దేన్ని చూసి ఏదనుకుంటుందో తెలియదు, ఒక్కోదాని మొదట్లో ఒక్కో వేరే కాగితం ఉండాలి.

ఇక గుమ్మం. లోపల గది చీకటి, బయట మండువాలో ఎండ. రెండు చోట్లా ఫొటోలు చక్కగా వస్తాయి, కానీ రెండింటినీ కలిపేవి ఉండవు. సాఫ్ట్‌వేర్ ఇంటిని రెండు ముక్కలుగా ఇస్తుంది, ఒకదాని పక్కన ఒకటి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. నాకు ఒక ఇంట్లో ఇదే జరిగింది. పడకగది విడిగా తేలిపోయింది, మళ్లీ తీద్దామని వెళ్లేసరికి అక్కడ పెంకుల కుప్ప తప్ప ఏమీ లేదు. ఆ గది ఇప్పటికీ నా హార్డ్‌డిస్కులో విడిగానే ఉంది.

అందుకని గుమ్మాన్ని ఒక గది అనుకుని తీయండి. మబ్బు పట్టిన రోజు, లేదా ఎండ మండువాలోకి దిగకముందు పొద్దున్నే, లోపలి వెలుతురుకీ బయటి వెలుతురుకీ తేడా తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. తలుపు రెక్కలు పూర్తిగా తెరిచి తాడుతో కట్టేయండి, మధ్యలో గాలికి కదిలితే మోడల్‌లో రెండు తలుపులొస్తాయి. గదిలో నాలుగడుగులు వెనక్కి నిలబడి గుమ్మం కేసి చూస్తూ, అరడుగుకో ఫొటో చొప్పున ముందుకి రండి. గడప దగ్గర ఆగి, కుడికీ ఎడమకీ కొంచెం కొంచెం జరుగుతూ పది పన్నెండు తీయండి, ద్వారబంధం ప్రతి ఫొటోలోనూ ఉండాలి. తర్వాత గడప దాటి, వెనక్కి తిరిగి మళ్లీ గుమ్మాన్నే చూస్తూ మండువాలోకి వెనకడుగులు వేయండి. ఆ తర్వాత ఇదంతా బయటినుంచి లోపలికి. వెలుతురు మారుతున్నప్పుడు షట్టర్ స్పీడు ఒక్కో మెట్టు మాత్రమే మార్చండి, ఆటోలో వదిలేస్తే గడప మీద ఒక ఫొటో తెల్లగా, పక్కది నల్లగా వస్తుంది. గడప మీది పసుపునీ కుంకుమ బొట్లనీ శుభ్రం చేయకండి, సాఫ్ట్‌వేర్ గట్టిగా పట్టుకునేవి అవే. ఒక్క గుమ్మానికి నేను 60 ఫొటోలు తీస్తాను. ఎక్కువ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మోడల్స్ కూడా చూశాను.

చివరగా టేపుతో కనీసం మూడుచోట్ల కొలవండి. ఒక ద్వారబంధం వెడల్పు, ఒక స్తంభం ఎత్తు, మండువా ఒక పక్క పొడవు. కొలత రాసిన కాగితాన్ని అక్కడే పెట్టి ఫొటో తీస్తే తర్వాత తికమక ఉండదు. ఈ కొలతలు లేకపోతే మోడల్ బొమ్మరిల్లో, బంగళానో చెప్పలేం.

అదేరోజు సాయంత్రం, ఊళ్లో ఉండగానే, లాప్‌టాప్‌లో ఫొటోల్ని ఒకసారి తక్కువ క్వాలిటీలో కలిపి చూడండి. అన్ని గదులూ ఒకే మోడల్‌లో అతుక్కున్నాయో లేదో తెలిసేదాకా ఊరు దాటొద్దు. అతకకపోతే పొద్దున్నే మళ్లీ ఆ గుమ్మం దగ్గరికే. అన్నీ కుదిరాక ఫొటోలు, ప్లాను, కొలతల కాగితం, తీసిన తేదీ అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి మూడు కాపీలు చేయండి, అందులో ఒకటి ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకి ఇవ్వండి.